విస్కీ మీద ఇష్టాన్ని వృత్తిగా మార్చుకోవాలంటే: ఏ దారి ఎవరికి కుదురుతుంది?

విస్కీ అంటే ఇష్టం పెంచుకున్నవారిలో చాలామందికి ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది: చేస్తున్న ఉద్యోగం మానేసి దీనితోనే బతకవచ్చు కదా! బతకవచ్చు. డిస్టిలరీలో పనిచేసేవారు, పీపాలు బాగుచేసేవారు, వాసన చూసి మిశ్రమాలు కుదిర్చేవారు, బార్ నడిపేవారు, సీసాలు అమ్మేవారు, వాటి గురించి రాసేవారు అందరూ దానితోనే బతుకుతున్నారు. అయితే ఇవన్నీ వేర్వేరు వృత్తులు. ఒకదానికి కావలసిన చదువు మరొకదానికి పనికిరాదు, ఒకదానిలో రాణించే స్వభావం మరొకదానిలో ఉక్కిరిబిక్కిరవుతుంది. కాబట్టి విస్కీ ఇష్టమా కాదా అన్నది పక్కనపెట్టి, అందులో మీకు ఇష్టమైనది ఏ భాగమో ముందు తేల్చుకోవాలి.

ఆ తర్వాత వేసుకోవలసిన ప్రశ్న డబ్బుకు సంబంధించింది. బ్రిటన్ చట్టం ప్రకారం, స్కాట్లాండ్‌లో 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉంటే తప్ప ఆ ద్రవాన్ని స్కాచ్ విస్కీ అనకూడదు. పేరున్న సింగిల్ మాల్ట్‌కు, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీకి, 10, 12 ఏళ్లు మామూలే. అంటే ఈ రంగంలో ఎవరో ఒకరు ఏళ్ల తరబడి రాబడి కళ్లచూడకుండా ఖర్చు పెడుతూ ఉండాలి. ఆ ఎదురుచూపును ఎవరు పోషిస్తున్నారు? కంపెనీయా, బ్యాంకా, మీ ఇంకో ఉద్యోగమా, మీ ఇంటివాళ్లా? ఏ దారినైనా నేను ముందు ఈ ప్రశ్నతోనే తూస్తాను.

జపాన్ విస్కీకి ఆద్యుల్లో ఒకడైన మసతాకా తకెత్సురు సంగతి చూడండి. సాకే తయారుచేసే ఇంట్లో పుట్టాడు. 1918లో స్కాట్లాండ్ వెళ్లి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివాడు, లాంగ్‌మార్న్, హేజెల్‌బర్న్ డిస్టిలరీల్లో పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక షింజిరో తోరీ అనే వ్యాపారి పెట్టుబడితో యమజాకి డిస్టిలరీని నిలబెట్టాడు. 1934లో ఉత్తరాన యోయిచిలో సొంత కంపెనీ పెట్టుకున్నప్పుడు, పీపాల్లో విస్కీ పక్వానికి వచ్చేదాకా ఆపిల్ రసం అమ్మి నెట్టుకొచ్చాడు. ఆ కంపెనీ పేరులోనే పండ్లరసం ఉండేది. సొంత సంస్థ తొలి విస్కీ 1940లో గానీ బయటికి రాలేదు. అంత చదువు, అంత అనుభవం ఉన్న మనిషికే ఎదురుచూపును పోషించడానికి ఆపిల్ పండ్లు కావలసివచ్చాయి.

తయారీ: సైన్సు చదివినవారికి మొదటి దారి

డిస్టిలరీ ఉద్యోగంలో విస్కీ తాగడం దాదాపు ఉండదు. పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మర పట్టి, వేడినీళ్లలో కలిపి తీపి రసం తీస్తారు. దానికి ఈస్ట్ చేర్చి రెండు నుంచి నాలుగు రోజులు పులియబెడితే సుమారు 8 శాతం ఆల్కహాల్ ఉన్న పులిసిన రసం తయారవుతుంది. దాన్ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచుతారు. రెండో కాపులో మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కకు మళ్లించి, మధ్యభాగాన్ని మాత్రమే పీపాకు పంపుతారు. ఆ మధ్యభాగం ఎక్కడ మొదలవాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీద విస్కీ స్వభావం చాలావరకు ఆధారపడుతుంది. కాస్త ముందుగా ఆపితే పండ్ల వాసనలు తేలికగా నిలుస్తాయి. ఆలస్యంగా ఆపితే తోలు, ధాన్యం, పొగ వంటి బరువైన వాసనలు వచ్చి చేరతాయి. గాజు పలకల పెట్టెలో ధార పడుతూ ఉంటే, హైడ్రోమీటర్ చూసి, ఉష్ణోగ్రత చూసి, ఆ ధారను ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మళ్లించే క్షణం ఆపరేటర్ చేతిలో ఉంటుంది. మిగతా షిఫ్టంతా ట్యాంకులు కడగడం, వాల్వులు చూడటం, అంకెలు రాయడం, ఎక్సైజ్ లెక్కలు అప్పజెప్పడం. ఈ రెండో భాగం విసుగనిపించేవారు ఈ వైపు రాకూడదు.

కెమికల్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం చదివినవారికి ఇది బాగా కుదురుతుంది. హైదరాబాద్ ఔషధ పరిశ్రమలో గ్యాస్ క్రోమటోగ్రఫీ మీద పనిచేస్తున్నవారు తమ చేతిలో ఎంత విలువైన నైపుణ్యం ఉందో చాలాసార్లు గమనించరు. స్పిరిట్‌లో మిథనాల్ ఎంత ఉంది, ఎస్టర్లు ఎంత, బరువైన ఆల్కహాల్స్ ఎంత అని తేల్చేది ఆ యంత్రమే. మందుల నాణ్యతా విభాగంలో నాలుగైదేళ్లు పనిచేసిన మనిషి డిస్టిలరీ ల్యాబులోకి కొత్తవాడిలా అడుగుపెట్టనవసరం లేదు.

చదువు విషయంలో మూడు రకాల మెట్లు ఉన్నాయి. ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్ విశ్వవిద్యాలయం బ్రూయింగ్, డిస్టిలింగ్‌లో ఏడాది ఎమ్మెస్సీ నడుపుతుంది. స్కాచ్ పరిశ్రమలో దాని పేరు చెబితే వేరే పరిచయం అక్కర్లేదు, కానీ ఫీజు, బతుకు ఖర్చు కలిపితే అది ఇంటి మీద పెద్ద భారం. రెండోది లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ పరీక్షలు. జనరల్ సర్టిఫికెట్‌తో మొదలై డిప్లొమా, మాస్టర్ డిస్టిలర్ దాకా వెళతాయి. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. మూడోది మన దేశంలోనిది: కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్, పుణె దగ్గరి వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఆల్కహాల్ టెక్నాలజీలో కోర్సులు నడుపుతున్నాయి. చక్కెర సంస్థలు మద్యం చదువు చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో అధికభాగానికి ఆధారం చక్కెర మడ్డి నుంచో ధాన్యం నుంచో తీసిన తటస్థ స్పిరిట్, అంటే రుచీ వాసనా దాదాపు లేని ఆల్కహాల్. మడ్డితో చేసినదాన్ని యూరప్‌లో విస్కీ అని అమ్మనివ్వరు కూడా.

అందుకే ఇక్కడ ఒక నిజం ముందే తెలుసుకోవాలి. మన దేశంలో డిస్టిలరీ ఉద్యోగం అంటే మొదట దొరికేది ఎక్కువగా ఇథనాల్ కర్మాగారంలోనో, తటస్థ స్పిరిట్ తీసే చోటో. సింగిల్ మాల్ట్ చేసేవి తక్కువ: బెంగళూరు అమృత్, గోవాలో పాల్ జాన్, ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్, హర్యానాలో ఇంద్రి, రాజస్థాన్‌లో గోదావన్, మరికొన్ని. తొలి ఉద్యోగం మాల్ట్‌లోనే కావాలని పట్టుబట్టి ఏళ్లు ఖాళీగా గడపడం కంటే, పులియబెట్టడం, కాచడం ఎక్కడైనా నేర్చుకుని ఆ తర్వాత మారడం మేలని నా అభిప్రాయం. కాచే సూత్రం రెండుచోట్లా ఒకటే.

భారతీయ మాల్ట్‌లో పనిచేయడానికి మరో ఆకర్షణ ఉంది. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అది 10 నుంచి 12 శాతం. 200 లీటర్ల పీపా నింపి 5 ఏళ్లు ఉంచారనుకోండి. స్కాట్లాండ్‌లో ఇంచుమించు 180 లీటర్లు మిగులుతాయి, బెంగళూరులో 120 కూడా మిగలవు. యజమానికి అది నష్టమే. అయితే ఆ వేడిలో చెక్కతో స్పిరిట్ కలిసే పని చాలా త్వరగా జరుగుతుంది. స్కాట్లాండ్‌లో ఒక పీపా ఎలా మారుతుందో చూడటానికి సగం ఉద్యోగ జీవితం పడితే, ఇక్కడ నాలుగైదేళ్లలోనే తన నిర్ణయం ఫలితాన్ని తానే చూసుకోవచ్చు. నేర్చుకునేవారికి ఇంతకంటే కావలసింది ఏముంది? అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గోలో విడుదల చేసింది. స్వదేశంలో అమ్మడం 2010లో గానీ మొదలుకాలేదు. అదే ఏడాది దాని ఫ్యూజన్ అనే మాల్ట్ ప్రపంచపు మేటి విస్కీల సరసన నిలిచింది. మన వాతావరణంలో మంచి మాల్ట్ పుట్టదన్న మాట అప్పటితో చెల్లిపోయింది.

ఎదురుచూపు లెక్కకు వస్తే, ఈ దారిలో దాన్ని కంపెనీ భరిస్తుంది, మీకు నెల నెలా జీతం వస్తుంది. 30 ఏళ్లలోపు వయసు, సైన్సు డిగ్రీ, షిఫ్టులకు ఓర్చుకునే శరీరం ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఇక డిగ్రీ లేకపోయినా చేతిపని మీద మక్కువ ఉన్నవారికి స్కాట్లాండ్‌లో పీపాల పని ఉంది. నాలుగేళ్లు శిక్షణలో ఉండి నేర్చుకోవాలి. ఐలా దీవికి చెందిన జిమ్ మెక్యూవన్ 1963లో బౌమోర్‌లో పీపాల పని నేర్చుకునే కుర్రాడిగా చేరి, తర్వాత బ్రూక్‌లాడీ డిస్టిలరీకి ప్రాణం పోసిన మనిషి అయ్యాడు. అయితే అది స్థానిక యువకులకు తెరిచి ఉన్న తలుపు. ఇక్కడి నుంచి వెళ్లేవారికి వీసా దొరకడం కష్టం కాబట్టి దాని మీద ఆశలు పెట్టుకోవద్దు.

బ్లెండర్: అందరూ కోరుకునేది, కొద్దిమందికే దొరికేది

వేర్వేరు పీపాల విస్కీలను కలిపి రుచి కుదిర్చే బ్లెండర్ ఉద్యోగం గురించి సినిమా ఫక్కీలో ఊహించుకునేవారు ఎక్కువ. నిజానికి ఆ గదిలో ఉదయం పూట, కడుపు మరీ నిండకముందు, తులిప్ ఆకారపు గ్లాసులు వరుసగా ఉంటాయి. నమూనాల్లో ఆల్కహాల్ 20 శాతానికి తగ్గేదాకా నీళ్లు కలిపి పలచన చేస్తారు. అంత ఘాటు తగ్గిస్తేనే ఆల్కహాల్ మంట అడ్డురాకుండా వాసనలు విడివిడిగా తెలుస్తాయి. బ్లెండర్ వాటిని వాసన చూస్తాడు, రాసుకుంటాడు, పక్కన పెడతాడు. నోట్లో పోసుకునేది అరుదు. నిన్నటి సీసాలో ఉన్న రుచే ఏడాది తర్వాతి సీసాలోనూ ఉండేలా, ఏ గిడ్డంగిలోని ఏ పీపాలు కలపాలో తేల్చడమే అసలు పని. పదేళ్ల తర్వాత ఎంత సరుకు కావాలో ఇవాళ అంచనా వేయడం అందులో మరో సగం.

ఈ కుర్చీలకు చేరినవారి చదువు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జానీ వాకర్ మాస్టర్ బ్లెండర్‌గా 2022లో బాధ్యతలు తీసుకున్న ఎమా వాకర్ రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆమెకు ముందు ఆ స్థానంలో ఉన్న జిమ్ బెవరిడ్జ్ కూడా పరిశోధన వైపు నుంచి వచ్చినవారే. గ్లెన్‌మోరాంజీ, బెన్‌రియాక్ వంటి చోట్ల పేరు తెచ్చుకున్న రేచల్ బ్యారీ ఎడిన్‌బరోలో కెమిస్ట్రీ చదివి స్కాచ్ పరిశోధన సంస్థలో ఉద్యోగం మొదలుపెట్టారు. అంటే ఇది నేరుగా ఎంచుకునే వృత్తి కాదు. ల్యాబులోనో తయారీలోనో చేరి, ముక్కు నమ్మదగినదని పైవారికి రుజువయ్యాక, ఎవరైనా పదవీ విరమణ చేస్తే ఖాళీ అయ్యే చోటు.

మీ ముక్కు ఎంత నమ్మదగినదో ఇంట్లోనే చూసుకోవచ్చు. దగ్గరి పోలిక ఉన్న రెండు విస్కీలు తీసుకోండి. ఇంకొకరి చేత మూడు గ్లాసుల్లో పోయించండి: రెండింటిలో ఒకటే, మూడోదానిలో వేరేది. మీరు చూడకుండా పోయాలి, వరుస మారుస్తూ ఉండాలి. వేరుగా ఉన్నది ఏదో వాసనతోనే చెప్పాలి. కళ్లు మూసుకుని ఊహించినా మూడింట ఒకసారి ఒప్పవుతుంది కాబట్టి రెండు మూడుసార్లు గెలిచి సంబరపడితే లాభం లేదు. 12 సార్లు చేసి కనీసం 8 సార్లు సరిగ్గా చెప్పగలిగితే అది అదృష్టం కాదని పరిశ్రమలో రుచి పరీక్షలు నడిపేవారు ఒప్పుకుంటారు. ఒకేరోజు కాకుండా కొన్ని వారాల మీద చేయండి, ముక్కు త్వరగా అలసిపోతుంది.

బార్, హోటల్, బ్రాండ్ ప్రతినిధి

మనుషులతో మాట్లాడటమే మీకు ఆనందమైతే, ఒక అపరిచితుడి చేతికి గ్లాసు ఇచ్చి అందులో ఏముందో వివరించడం మీకు ఇష్టమైతే, ఇదే మీ దారి. ప్రవేశం సులువు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఉంటే మంచిది, లేకపోయినా బార్‌లో కింది స్థాయిలో చేరి పైకి వచ్చినవారున్నారు. వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ స్పిరిట్స్‌లో మూడు స్థాయిల కోర్సులు నడుపుతుంది, మన దేశంలోని పెద్ద నగరాల్లోనూ ఇవి దొరుకుతున్నాయి. మొదటి స్థాయి ఒక్క రోజు పని. మూడో స్థాయిలో రుచి చూసి రాసే పరీక్ష ఉంటుంది, దానికి గట్టిగా చదవాలి. అమెరికాలో బూర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అక్కడి విస్కీ) మీద మక్కువ ఉన్నవారికి కెంటకీలోని లూయివిల్‌లో కొద్దిరోజుల డిస్టిలింగ్ కోర్సులు నడిపే మూన్‌షైన్ యూనివర్సిటీ ఉంది.

ఈ దారిలో ఎదురుచూపు లేదు, జీతం మొదటి నెల నుంచే వస్తుంది. కానీ మొదట్లో అది చిన్నది. రాత్రులు, పండగలు, ఆదివారాలు పోతాయి. మంచి బార్‌లో కొన్నేళ్లు పేరు తెచ్చుకున్నవారికి బ్రాండ్ ప్రతినిధి ఉద్యోగాలు తలుపు తడతాయి: హోటల్ సిబ్బందికి శిక్షణ, రుచి చూపించే సమావేశాలు, ఊళ్లు తిరగడం. భారత్, బ్రిటన్ 2025 జూలైలో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కు, పదేళ్లలో 40కు దిగుతుంది. సరుకు పెరిగితే దాన్ని పరిచయం చేసే మనుషులూ కావాలి. వచ్చే పదేళ్లలో మన నగరాల్లో కొత్త ఉద్యోగాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడేనని నేను నమ్ముతున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా శరీరానికి ముప్పు ఉన్నదీ ఇదే దారి. ఒక సమావేశంలో 20 నమూనాలు, ఒక్కోటి 10 మిల్లీలీటర్లు అనుకుందాం. 40 శాతం ఘాటులో అది 80 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. బ్రిటన్ వైద్యాధికారులు వారం మొత్తానికి దాటవద్దని చెప్పే పరిమితి 140. ఒక్క సాయంత్రంలోనే సగానికి పైగా! అందుకే వృత్తిలో ఉన్నవారు ఉమ్మేస్తారు, అందులో మొహమాటపడేది ఏమీ లేదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. సాయంత్రం కాగానే గ్లాసు కోసం మనసు లాగే మనిషి, ఇంట్లో తాగుడు చరిత్ర ఉన్న మనిషి ఈ దారిలోకి రావద్దని చేతులు పట్టుకుని చెబుతాను. వాసన మీద, తయారీ మీద ఉన్న ఇష్టం వేరు, మత్తు మీద ఉన్న ఇష్టం వేరు. రెండోది ఉన్నవారికి ఈ వృత్తి రోజూ దగ్గరుండి కీడు చేస్తుంది.

దుకాణం: మన రాష్ట్రాల్లో ఒకలా, బయట ఇంకోలా

సుఖీందర్ సింగ్ కథ విన్నవారికి దుకాణం మీద ఆశ పుడుతుంది. లండన్‌లో తల్లిదండ్రుల మద్యం దుకాణంలో పెరిగాడు, చిన్న చిన్న నమూనా సీసాలు సేకరించడం మొదలుపెట్టాడు. 1999లో తమ్ముడితో కలిసి ది విస్కీ ఎక్స్‌ఛేంజ్ పేరుతో ఇంటర్నెట్‌లో అమ్మకం పెట్టాడు. 2021లో దాన్ని ఫ్రాన్స్ మద్యం కంపెనీ పెర్నో రికార్ కొనుక్కుంది. సేకరణ మీది మక్కువ వ్యాపారంగా మారిన ఉదాహరణల్లో ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు.

అయితే ఆ కథను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తిరిగి రాయడం కుదరదు. మద్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని అంశం. టోకు సరఫరా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది, ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, లైసెన్సు లాటరీలో వస్తుంది. తెలంగాణలో 2023లో 2,620 దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి తిరిగిరాని రుసుము 2 లక్షలు. 2025లో ఆ రుసుమును 3 లక్షలు చేసినా 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. సగటున ఒక దుకాణానికి 36 మంది పోటీ. గెలిచినా ఆ హక్కు రెండేళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. అంతకు ముందు ఐదేళ్లు అక్కడ ప్రైవేటు దుకాణమే లేదు, 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే అమ్మింది. అప్పటిదాకా దుకాణాలు నడిపినవారి వ్యాపారం ఒక్క విధాన నిర్ణయంతో ముగిసింది.

ఇందులో విస్కీ ప్రేమికుడికి చోటెక్కడ? డిపోలో ఉన్న సరుకే తేవాలి, అలమరలో ఏ మాల్ట్ ఉండాలో మీ ఇష్టంతో పూర్తిగా తేలదు, అమ్మకంలో సింహభాగం క్వార్టర్ సీసాలదే. రెండేళ్ల గడువున్న లైసెన్సుతో పదేళ్ల వినియోగదారుల నమ్మకాన్ని ఎలా పెంచుతారు? దీన్ని పెట్టుబడి వ్యాపారంగా చూసేవారు చూడవచ్చు. మక్కువతో వచ్చేవారికి మాత్రం నేను వద్దనే చెబుతాను.

మరో సంగతీ ఇక్కడే చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడి మూడు దశాబ్దాలు దాటింది. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలినా, ఆ స్త్రీల అనుభవం ఇంకా మన ఊళ్లలోనే ఉంది. మీరు విస్కీ పనిలోకి వెళతానంటే అమ్మ ముఖంలో కనిపించే భయానికి కారణం పాతకాలపు ఆలోచన కాదు, ఆమె కళ్లారా చూసిన ఇళ్లు. ఆ మాటను గౌరవంగా వినండి, మీరు చేయబోయే పని ఏమిటో వివరంగా చెప్పండి. ల్యాబు ఉద్యోగానికీ బెల్టు షాపుకూ తేడా విడమరిచి చెబితే ఎక్కువమంది తల్లిదండ్రులు అర్థం చేసుకుంటారు.

బ్రిటన్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డవారికి దుకాణం నిజమైన అవకాశమే. అమెరికాలో 1933లో నిషేధం ఎత్తేశాక ఏర్పడిన పద్ధతిలో తయారీదారు, పంపిణీదారు, దుకాణదారు వేర్వేరుగా ఉంటారు. అలమరలో ఏముండాలో ఎంచుకునే స్వేచ్ఛ మన దగ్గరకంటే అక్కడ చాలా ఎక్కువ. వీసా మాత్రం చూసుకోండి. హెచ్1బి మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర తప్ప పనిచేయకూడదు, వారాంతంలో స్నేహితుడి దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడినా చిక్కే. బ్రిటన్‌లో విద్యార్థి వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు.

రాయడం, వీడియోలు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే మన దేశంలో దీన్ని ఏకైక జీవనాధారం చేసుకోవడం చాలా కష్టం. మద్యం ప్రకటనల మీద టీవీ నియమాల నిషేధం ఉంది, వేరే సరుకు పేరుతో దొంగచాటుగా చేసే ప్రకటనల మీద 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. బ్రాండ్ దగ్గర డబ్బు తీసుకుని పొగిడితే చట్టం చిక్కు, తీసుకోకపోతే రాబడి లేదు. కానీ ఉద్యోగం ఉంచుకుని చేస్తే ఇంత తృప్తినిచ్చే పని మరొకటి లేదు. ఫ్రాన్స్‌కు చెందిన సెర్జ్ వాలెంటిన్ 2002 నుంచి ప్రకటనలు లేకుండా వేలాది విస్కీల మీద తన అభిప్రాయాలు రాస్తూ వచ్చాడు. పరిశ్రమ మొత్తం ఆ మాటకు విలువిస్తుంది, కారణం ఆ మాట అమ్ముడుపోలేదు కాబట్టి. తెలుగులో విస్కీ తయారీ, చరిత్ర, రుచి మీద బాధ్యతగా రాసేవారు చాలా తక్కువ. ఆ ఖాళీ నింపగలిగినవారు నింపాలి.

సొంత డిస్టిలరీ, సొంత పీపా

మార్క్ రేనియర్ అనే లండన్ వైన్ వ్యాపారి కొందరితో కలిసి మూతపడ్డ బ్రూక్‌లాడీని 2000 చివర్లో కొన్నాడు. 2012లో దాన్ని ఫ్రాన్స్‌కే చెందిన మద్యం కంపెనీ రెమీ కువాంత్రో 5 కోట్ల 80 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. అదే మనిషి తర్వాత ఐర్లాండ్‌లో వాటర్‌ఫోర్డ్ డిస్టిలరీ పెట్టాడు. ఏ పొలంలోని బార్లీ ఆ పొలం రుచినిస్తుందని నమ్మి, ఒక్కో రైతు పంటను విడివిడిగా కాచాడు. విస్కీ మంచిదే, ఆలోచన గొప్పదే. 2024 నవంబరులో ఆ సంస్థ అప్పులవాళ్ల చేతికి వెళ్లింది. అనుభవం, పేరు, నాణ్యత మూడూ ఉన్నా, పీపాల్లో ఉన్న సరుకు డబ్బుగా మారేలోపు బ్యాంకు గడువు వస్తే జరిగేది ఇది.

దీనికి పక్కనే స్కాట్లాండ్‌లో ఫైఫ్ ప్రాంతంలోని డాఫ్ట్‌మిల్ డిస్టిలరీని పెట్టి చూడండి. ఫ్రాన్సిస్ కుత్‌బర్ట్ వ్యవసాయ కుటుంబంవాడు. 2005 చివర్లో కాచడం మొదలుపెట్టాడు. పొలం పని తక్కువగా ఉండే నెలల్లోనే బట్టీ వెలిగిస్తాడు. తొలి సీసా అమ్మింది 2018లో. పన్నెండేళ్లు పొలం అతని ఇంటిని నడిపింది, విస్కీ తొందరపెట్టలేదు. సొంత డిస్టిలరీ గురించి ఆలోచించేవారు తమ దగ్గర అలాంటి పొలం ఏదో ఉందా లేదా చూసుకోవాలి. లేకపోతే వద్దు. పైగా ఇప్పుడు కాలం కూడా అనుకూలంగా లేదు, కెంటకీలో పీపాల నిల్వలు రికార్డు స్థాయికి చేరి పెద్ద కంపెనీలే తయారీ తగ్గించుకుంటున్నాయి.

అనుభవం కోసమంటూ ఇంట్లో చిన్న బట్టీ పెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం ఎవరూ చేయవద్దు. లైసెన్సు లేకుండా కాచడం మన దగ్గరా, బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ నేరం. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు తగిలితే ప్రాణాలు పోతాయి.

పీపా కొని దాచుకుంటే పదేళ్లలో ఇంతలింతలవుతుందని చెప్పే దళారులు ఈమధ్య ప్రవాస తెలుగువారి దాకా వస్తున్నారు. అది వృత్తి కాదు, వృత్తికి మెట్టు కూడా కాదు. స్కాచ్ పీపా ప్రభుత్వ పన్ను విభాగం అదుపులో ఉండే గిడ్డంగిలోనే ఉండాలి. అది మీదేనని చెప్పడానికి దళారి ఇచ్చే అందమైన సర్టిఫికెట్ చాలదు. యాజమాన్యం మారినట్టు గిడ్డంగికి డెలివరీ ఆర్డర్ చేరాలి, గిడ్డంగి తన లెక్కల్లో మీ పేరు రాసుకోవాలి. ఒకే పీపాను పలువురికి అమ్మిన కేసులు బ్రిటన్‌లో బయటపడ్డాయి. గిడ్డంగితో మీరు స్వయంగా మాట్లాడే వీలు ఇవ్వని చోట ఒక్క పౌండ్ కూడా పెట్టకండి.

ఎంచుకునే ముందు

ఇరవైలలో ఉండి సైన్సు చదివినవారు తయారీ వైపు వెళ్లండి. ఎమ్మెస్సీకి అప్పు చేసేముందు ఇక్కడే ఏదైనా డిస్టిలరీలో ఒకటి రెండేళ్లు పనిచేసి చూడండి, ఆ అనుభవం దరఖాస్తుకూ బలం. మాటకారులు, రాత్రి పనికి వెరవనివారు బార్ వైపు. ముప్పై అయిదు దాటి, ఇంటి అప్పు, పిల్లల చదువులు ఉన్నవారు ఉద్యోగం వదలకండి. సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్, సరఫరా నిర్వహణ, లేబుళ్ల డిజైన్ వంటి పనులు తెలిసినవారికి మద్యం కంపెనీల్లోనే ఆ ఉద్యోగాలు ఉన్నాయి. చేసే పని మార్చకుండా పరిశ్రమ మార్చుకోవడం చాలామంది మరిచిపోయే దారి. జీతం కోసుకోనక్కర్లేదు, డిస్టిలరీ గేటు లోపలికీ వెళతారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం సేవించడానికి చట్టబద్ధమైన వయసు 21 కాబట్టి అంతకు చిన్నవారు చదువు మీదే దృష్టి పెట్టండి. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ పుస్తకాలకు ఆ అడ్డు లేదు.

ఏ దారి అనుకున్నా మొదటి ఖర్చు చిన్నదిగా ఉండనివ్వండి. తయారీ అనుకుంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ వారి జనరల్ సర్టిఫికెట్, బార్ అనుకుంటే స్పిరిట్స్ రెండో స్థాయి కోర్సు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదవండి. ఎంజైములు, బట్టీ మెడ వంపు, పీపా కాల్చే పద్ధతి, లేబుల్ చట్టాలు చదువుతూ ఉంటే గ్లాసు పక్కన లేకపోయినా పేజీ తిప్పాలనిపిస్తే పరీక్ష రాసి ముందుకు వెళ్లండి. రెండు నెలల్లో పుస్తకం మూలన పడితే కట్టిన రుసుముతో ఆగిపోండి, విస్కీని సెలవురోజు సంతోషంగానే ఉంచుకోండి.